మంత్రి జాగ్రత్తండి

మొన్న భీమవరం నుంచి వస్తుంటే, రైల్లో ఎదుటి సీటు పిల్ల సెల్‌ఫోనులో చదరంగం ఆడుతూ, కిక్కురుమనకుండా అవతలివాళ్ల మంత్రిని కొట్టేసింది. మా మేనమామ అయితే చచ్చినా అలా ఆడేవాడు కాదు.

పెనుగొండ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, భోజనాలయ్యాక వీధరుగు మీద చదరంగం బల్ల వేశారంటే, రాజుకే కాదు, మంత్రికి ప్రమాదమొచ్చినా ఎదుటివాళ్లకు ముందే చెప్పి తీరాలి; చెప్పకుండా కొట్టడం దొంగతనమేనని మా తాతయ్య నేర్పిన మర్యాద. మనవైపు మర్యాద ఎక్కువైతే నష్టపోయేది ఎవరో మీకు తెలియనిదా!

తొంభైల్లో, నేను రాజమండ్రిలో కొత్తగా టీచరుగా చేరిన రోజుల్లో, అక్కడొక కల్యాణమండపంలో పెద్ద పోటీ పెట్టారు. గెలిచినవాళ్లు రాష్ట్రస్థాయికి వెళతారు. ఏటా చివరిదాకా వచ్చి ఆగిపోయే మావయ్య, వరిచేను తవ్వించి చేపల చెరువు వేస్తున్నాం కనుక ఇక తీరిక దొరకదని, ఇదే ఆఖరుసారని అత్తయ్యకు మాటిచ్చి మా ఇంట్లో దిగాడు. ఫైనల్లో ఎదురుపడింది కాకినాడ లెక్చరరుగారు. ఆయనా సామాన్యుడు కాదు. పొద్దున మొదలైన ఆట భోజనాల వేళ దాటినా తెమలలేదు. లెక్చరరుగారికి టైము అయిపోవస్తోంది, చూపంతా తన రాజు మీదే. అప్పుడు మావయ్య గుర్రాన్ని పక్కకు దూకించాడు. దాని వెనకున్న ఏనుగుకు ఆయన మంత్రి అడ్డం లేకుండా దొరికిపోయింది. ఆయన అది చూడనేలేదు, ఏదో బంటు మీదికి చెయ్యి పోనిచ్చారు. ఇక ఆట మావయ్యదేనని గోడవారన నిలబడ్డ నేను ఒకడుగు ముందుకేశాను.

"మంత్రి జాగ్రత్తండి," అన్నాడు మావయ్య.

మాట్లాడకూడదని రిఫరీ కసురుకున్నాడు. లెక్చరరుగారు చెయ్యి వెనక్కి తీసుకుని, "థాంక్సండి" అని మంత్రిని తప్పించారు. చివరికి ఆయనే గెలిచారు. ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు, ఆట ఆటే కదా.

బస్టాండుకు నడుస్తూ ఉండబట్టలేక అడిగాను.

"కావాలని అన్లేదే అమ్మా, నోట్లోంచి వచ్చేసింది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ధర్మమనుకుని వదులుకుని ఉంటే గర్వపడి ఊరుకునేదాన్ని. అంతగా కావాలనుకున్నదాన్ని ఉత్త అలవాటుకొద్దీ జారవిడుచుకున్నాడు.

మాట ప్రకారం మళ్లీ బల్ల ముట్టలేదు. చెరువు కలిసొచ్చింది, మేడ కట్టాడు. టీవీలో చదరంగం వస్తే మాత్రం లేచి చెరువుగట్టుకు వెళ్లిపోయేవాడని అత్తయ్య చెప్పేది. ఇప్పుడు మావయ్య లేడు. ఈ కాలపు పిల్లలు మనకంటే ఎంతో బాగా ఆడుతున్నారు, ఎవరి మంత్రిని వాళ్లే చూసుకుంటున్నారు, అదే మంచిదేమో కూడా. అయినా ఆ ఒక్క మధ్యాహ్నం మా మావయ్య కాస్త మర్యాద తెలియని మనిషై ఉంటే ఎంత బాగుండేదని నా మనసు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటుంది.