మా సందు చెప్పిన సాక్ష్యం

యాభై దాటిన ఆడది కాశీకి వెళ్తానంటే దండం పెట్టి సాగనంపుతారు. జాంబియాకు వెళ్తానంటే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. బర్మామైన్స్‌లో ఉక్కు ప్లాంటు పక్కనున్న మా తెలుగువాళ్ల సందు నాకు చేసింది ఆ రెండోదే. పెళ్లి చేసుకోలేదు కాబట్టి నా బుర్ర మీద వాళ్లకు మొదటినుంచీ అనుమానం ఉండేది. ఇప్పుడు రుజువు దొరికింది.

జాంబియా బడుల్లో టీచర్లు కావాలని పేపర్లో ప్రకటన పడితే, కలకత్తా వెళ్లి ఇంటర్వ్యూలో కూర్చున్నాను. నా సబ్జెక్టు భూగోళం. పాతికేళ్లుగా బెత్తం పట్టుకుని మ్యాపు మీద పిల్లల్ని భూమధ్యరేఖ దాటిస్తున్నాను. నేను మాత్రం ఒకవైపు శ్రీకాకుళం, ఇంకోవైపు కలకత్తా దాటలేదు. దక్షిణార్ధగోళంలో డిసెంబరులో ఎండలు కాస్తాయని ఒకరోజు చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకతి, మీరు చూశారా మిస్ అని హిందీలో అడిగింది. నోరు మూసుకుని రాసుకోమన్నాను. ఆ ప్రశ్న మాత్రం నాతో ఇంటిదాకా వచ్చింది.

ఉద్యోగం ఇచ్చారు. వర్క్ పర్మిట్టు కూడా టపాలో వచ్చేసింది. టర్ము మొదలయ్యేలోగా చేరకపోతే అది చెల్లదనీ, ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తామనీ చాలా మర్యాదగా రాశారు. అక్కడికి వెళ్లడానికి వీసా కావాలి. వీసాకు పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు రావాలంటే నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాననీ, దొంగను కాననీ పోలీసులు విచారించి పట్నాలోని పాస్‌పోర్టు ఆఫీసుకు రాయాలి. దరఖాస్తు పెట్టి కూర్చున్నాను. వానలు వెనక్కి తగ్గాయి, దుర్గాపూజ పందిళ్లు వేశారు, విప్పేశారు కూడా. పోలీసు జాడ లేదు.

చివరికి ఠాణాకు నేనే వెళ్లాను. అక్కడి రాతకోతలు చూసే మున్షీ ఫైలు తిరగేసి నన్ను జాలిగా చూశాడు.

"మేడమ్, ఆప్ తో వహా రహతీ హీ నహీ."

నేను అక్కడ ఉండనే ఉండనట. పోలీసు వచ్చి వెళ్లి నెల దాటిందట. నేను బడిలో ఉన్న వేళ సందంతా విచారిస్తే, అలాంటి మనిషి లేదని తేలిందట. నేను లేనన్న సంగతిని మున్షీ నాకు ఎంతో ఓపికగా నచ్చజెప్పాడు.

ఇందులో పోలీసు తప్పేమీ లేదు. మా సందులోకి ఖాకీ బట్ట దేనికొస్తుందో అందరికీ తెలుసు. దొంగ కరెంటు కొక్కెం కోసమో, సారా డబ్బా కోసమో, సమ్మె రోజుల్లో ఎవరో విసిరిన రాయి కోసమో. ఎవరి కోసం అడిగినా ఆ మనిషి ఊళ్లో లేనట్టే. మా పిల్లలకు హిందీలో మొదట వచ్చే మాట 'గావ్ గయా హై', ఊరెళ్లాడు అని. అమ్మా నాన్నా తర్వాత నేర్చుకుంటారు.

సాయంత్రం సందు మొగలో నిలబడి ఒక్కొక్కరినీ నిలదీశాను. పాన్ కొట్టతను గర్వంగా ఒప్పుకున్నాడు.

"మీరు ఊరెల్లిపోనారని సెప్పీసినానండి టీచరమ్మా. మల్లీ రారని కూడా సెప్పినాను."

ఎదురింటి పెద్దాయన ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైనవాడు. ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు.

"సచ్చిపోనాదని సెప్పినానమ్మా. సచ్చిపోయినోల్ల మీద కేసుండదు కదేటి."

నన్ను కాపాడామన్న సంబరం అందరి మొహాల్లోనూ ఉంది. తిట్టడానికి మనసు రాలేదు. అయినా తిట్టాను.

గోడ పక్కింటి వదిన మాత్రం గుమ్మంలోకి రాలేదు. వదిన అంటే చుట్టం కాదు. ఇద్దరం ఒకే ఏడు ఆ సందులో అద్దెకు దిగాం. ఆవిడ భర్తకు ప్లాంటులో షిఫ్టులు, నాకు బడి. ఆవిడ వండిన చేపల పులుసు గోడ మీంచి నాకు వచ్చేది, నా సలహాలు గోడ మీంచి ఆవిడకు వెళ్లేవి. పులుసు నేను ఏనాడూ వదల్లేదు, సలహాలు ఆవిడ ఏనాడూ వినలేదు. నా మాట విని ఆవిడ నేర్చుకున్నది ఒక్క సంతకమే.

మళ్లీ అర్జీ పెట్టి, ఠాణా చుట్టూ తిరిగి తిరిగి, ఒక ఆదివారం ఆ పోలీసునే రప్పించుకున్నాను. ముందురోజు సందులో అందరికీ క్లాసు తీసుకున్నాను. నిజం చెప్పండి చాలు అన్నాను. పోలీసుకు నిజం చెప్పడం మావాళ్లకు అలవాటు లేదు, అంచేత మోతాదు మించిపోయింది. అతను సైకిలు దిగకముందే చుట్టూ మూగి, ఈవిడ ఇక్కడే పుట్టింది, ఏ ఊరూ వెళ్లదు, బడి తప్ప ఏమీ తెలియదు అని హిందీలో మొదలుపెట్టారు. నన్ను చంపేసిన పెద్దాయన నా పక్కన నిలబడి, బతికే ఉందని వేలుపెట్టి చూపించాడు. పోలీసుకు లేని అనుమానం కూడా వచ్చింది. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, ఒకరు గోడ పక్కవాళ్లయితే మంచిది అన్నాడు.

వదినను పిలిచాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. చూడగానే పోలీసు గుర్తుపట్టాడు. ఆ రోజు మొట్టమొదట అడిగింది ఈవిడనేనట. కేసు కాదమ్మా, పాస్‌పోర్టు, టీచరు పరాయి దేశం వెళ్లడానికి అని నిదానంగా చెప్పాడట. అంతా విని, ఆ ఇంట్లో ఎవరూ ఉండరని చెప్పిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. కోపం వస్తే నా భాష నేరుగా శ్రీకాకుళం వెళ్లిపోతుంది.

"ఏటి వదినా, తెలిసే సెప్పినావా?"

"తెలిసే సెప్పినాను," అంది చేతులు తుడుచుకోవడం ఆపకుండా. "ఎలాగూ ఎల్లిపోతావు కదా. ఉండనిదాన్ని ఉండదనే కదా సెప్పాల. రెండు నెల్లు ముందు సెప్పినాను, అంతే."

పాతికేళ్లు పిల్లల నోళ్లు మూయించినదాన్ని, పోలీసు చేతిలోని కాగితం తీసి వదిన ముందు పెట్టాను. వదిన కాగితం అందుకుని నేను నేర్పిన అక్షరాలను ఒక్కొక్కటే పెట్టింది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లి, పొయ్యి మీద మాడుతున్న కూరను తిట్టింది. నాకు ఏడుపొచ్చింది. పోలీసు ముందు ఏడిస్తే ఈసారి ఏం రాస్తాడోనని ఆపుకున్నాను.

పాస్‌పోర్టు వచ్చింది, వీసా ముద్ర పడింది, టర్ముకు అందుకున్నాను. డిసెంబరులో జాకెట్టు తడిసేలా చెమట పడుతుంటే, ఇన్నేళ్లూ నేను అబద్ధం చెప్పలేదని నమ్మకం కుదిరింది. ఇల్లు వదులుకోలేదు, తాళంచెవి వదిన దగ్గరే ఉంచాను. కాంట్రాక్టు ముగిశాక మూడేళ్లకు తిరిగొచ్చాను.

రిక్షా దిగి పెట్టె ఈడ్చుకుంటూ సందులోకి వస్తుంటే, నేనెరగని కొత్త పాలవాడు సైకిలు ఆపాడు. తాళం వేసిన ఇంటి టీచరు మీరేనా అని హిందీలో అడిగాడు. నన్నూ పెట్టెనూ ఎగాదిగా చూసి, సాక్చీ బజారు నుంచి వచ్చేశారా అన్నాడు.

మేం కూరలు కొనే సాక్చీ రిక్షాలో అరగంట దూరం. ఏ సాక్చీ అన్నాను. అప్పుడు చెప్పాడు. ఓటర్ల జాబితావాళ్లు వచ్చినా, రేషను కార్డులవాళ్లు వచ్చినా, పూజ చందాలవాళ్లు వచ్చినా, పక్కింటావిడ ఒకే మాట చెబుతుందట. టీచరు ఇక్కడే ఉంటుంది, సాక్చీ వెళ్లింది, ఇప్పుడే వచ్చేస్తుంది. అతను పాలు పోయడం మొదలుపెట్టినప్పటి నుంచీ అదే వింటున్నాడట. నా కార్డు మీద కిరసనాయిలు కూడా ఆవిడే తెచ్చుకుంటోందట.

వదిన గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు.

"ఇంతసేపేటి," అంది చేటలోంచి తలెత్తి. "సాక్చీలో కూరలు దొరకనేదేటి?"

దొరకలేదని చెప్పి, పెట్టె ఆవిడ గుమ్మంలోనే దించాను.