ఉడికిన ముగ్గు

మా నాన్నది పిడుగురాళ్లలో సున్నపు బట్టీ. పెద్దదేమీ కాదు. లారీ డ్రైవర్లకు గుర్తు చెప్పాలంటే, "అదిగో, పొగ పెద్దగా వచ్చేది కాదు, దాని పక్కది" అని చెప్పుకోవాల్సినంత. ఆ బట్టీ పుణ్యాన మా ఇంట్లో అందరికీ చిన్నప్పుడే జుట్టు తెల్లబడింది. తలంటుకుంటే మళ్లీ నల్లబడేది. లెక్కల్లో నాకు సున్నాలొచ్చినా నాన్న కోప్పడేవాడు కాదు. "పోనీలే, ఇంటి సరుకేగా" అనేవాడు.

అలాంటి నాకు ఎనభైల్లో, బీయీడీ అయిన ఏడాది, భీమిలిలో ఉద్యోగం వచ్చింది. మరీ పూర్తి ఉద్యోగం కాదు. అక్కడి ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు పురుటి సెలవు మీద వెళ్లింది. ఆవిడ బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేదాకా ఆవిడ కుర్చీలో నేను కూర్చోవాలి. బిడ్డ ఆవిడకు, సంబరం నాకు.

మా బజారు నుంచి ఆడపిల్ల ఒక్కతే ఊరుగాని ఊరు పోయి ఉద్యోగం చేయడం అప్పటిదాకా లేదు. నాన్న ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. "సంసారులుండే ఇంట్లో గది దొరికితే ఉండు. దొరకలేదా, మీ అమ్మతో కలిసి తిరుగు బస్సెక్కు." అమ్మను నాకు తోడు పంపాడో, నా మీద తనిఖీకి పంపాడో చెప్పలేను. నా వెనక బజారులో ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు చదువుకుంటున్నారు. నేను ఉత్త చేతులతో తిరిగొస్తే వాళ్లకు అడగడానికి నోరు కూడా ఉండదు. అందుకని గది అన్నది నాకు గోడల సంగతి కాదు, గడప దాటే సంగతి.

వేరే ఊళ్లవాళ్లు ప్రయాణం పెట్టుకుంటే మిఠాయి కట్టుకుంటారు. మేం సున్నం కట్టుకుంటాం. గోంగూర పచ్చడి, గొడ్డుకారంతో పాటు నాన్న రెండు డాల్డా డబ్బాలు సర్దాడు. ఒకదాంట్లో ముగ్గుపిండి. తెల్లరాయిని మెత్తగా దంచిన పిండి అది, అమాయకురాలు. రెండోదాంట్లో బట్టీలో కాల్చిన రాయి పొడి, అద్దెగదికి వెల్ల వేసుకోవడానికి. దానికి నీళ్లు తగిలాయా, బుసబుసా పొంగి సలసలా కాగుతుంది. రెండూ ఒకే రాయి పిల్లలు. ఒకటి నలిగింది, ఒకటి కాలింది. చూస్తే కవలలు. అందుకే నాన్న రెండో డబ్బా మూతకు పాలిథిన్ కాగితం చుట్టి పురికొసతో కట్టాడు. డబ్బా మీద ఏమీ రాయలేదు. మా ఇంట్లో సున్నం డబ్బా మీద సున్నమని రాయడం, ఉప్పు మీద ఉప్పని రాయడం లాంటిది.

విశాఖపట్నంలో రైలు దిగి బస్సు పట్టుకుని భీమిలి చేరాం. అమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఒడ్డున నిలబడి, కొంగు బిగించుకుని, అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని ఒక్క ఎకరా అన్నా పారిద్దా ఇది?"

"పారదమ్మా. ఉప్పునీళ్లు."

"మరెందుకే అంత ఎగిరెగిరి పడటం? మన సాగర్ కాలవ నయం. నోరు మూసుకుని పోతది, పైరు పండిద్ది."

ఊరు మాత్రం తీరిగ్గా ఉంది. పాత దీపస్తంభం, దాని పక్క వీధుల్లో మందపాటి గోడల ఇళ్లు, ఎప్పుడో వ్యాపారానికొచ్చి ఇక్కడే మట్టిలో కలిసిపోయిన ఒలందావాళ్ల, అంటే డచ్చివాళ్ల, సమాధులు. అన్నం వేళ దాటాక వీధి వీధంతా పడుకుంటుంది. మా ఊళ్లో పట్టపగలు పడుకునేది లారీ కింద చేరిన డ్రైవరొక్కడే. అమ్మ ఆ మూసిన తలుపులన్నీ చూసి, "ఏమే, ఊళ్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

బడిలో వాళ్లు చెప్పిన ఇల్లు సముద్రానికి ఎదురుగానే ఉంది. లావుపాటి స్తంభాల వసారా, వసారాలో వాలుకుర్చీ, వాలుకుర్చీలో నిద్రపోతున్న తాతగారు. ఆ ఇంటి వ్యవహారమంతా మామ్మగారిది. మమ్మల్ని ఆవిడ సంతలో వంకాయల్ని చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

"మెట్టూళ్లోళ్లు ఇలగే వొస్తారమ్మా. సముద్రం సూసి మురిసిపోతారు. నెల తిరక్కుండా గాలి పడదంటారు, ఉప్పు పడదంటారు, మూట కట్టీసి ఎలిపోతారు. మళ్లీ మనుషుల్ని నేను ఎతుక్కోవాల. మీ గుంట మటుకు నిలుస్తాదని ఏటి నమ్మకం?"

గుంట అంటే అక్కడ పిల్ల అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను ఒక అడుగు లోతుకు దిగిపోయాను.

"నిలవకపోవటమేంది పెద్దమ్మా? మాది పల్నాడు. మా పిల్ల గాలికి కొట్టుకుపోయే రకం కాదు" అంది అమ్మ.

"సరే. బడి తెరిసే దాకా ఉండి సూడండి. నేనూ మిమ్మల్ని సూస్తాను. అప్పుడు సెప్తాను."

అలా గది దొరికీ దొరకనట్టు దొరికింది. బడి తెరిచేది సోమవారం. మేం చేరింది శుక్రవారం మధ్యాహ్నం.

మా వైపు ఆడవాళ్లకు ఒక పట్టింపుంది. ఎక్కడ రాత్రి తల వాల్చినా తెల్లారి ఆ గుమ్మం ముందు ముగ్గు పడాలి. సత్రమైనా సరే, చుట్టాలిల్లైనా సరే. ముగ్గు పడకుండా అమ్మ గొంతులో కాఫీ దిగదు. పైగా మా అమ్మ ముగ్గంటే రాజుపాలెం నుంచి మాచర్ల దాకా ఉన్న మా చుట్టాల పెళ్లిళ్లన్నిటికీ పిలుపొచ్చేది. చుక్కలు పెట్టి, వేళ్ల మధ్య నుంచి పిండి వదుల్తూ పోతే తాడు పరిచినట్టు గీత పడేది.

శనివారం తెల్లారి అమ్మ కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి, పెద్ద పద్మం ముగ్గు వేసింది. లేచి నడుం నిమురుకునే లోపల సముద్రం మీద నుంచి గాలి వచ్చింది. పద్మానికి రేకులు పోయాయి. కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి పద్మమే పోయింది.

మామ్మగారు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "ఇక్కడ ముగ్గు నిలవదమ్మా. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఏసీదాన్ని. మానీసినాను. మీ గుంటా అంతే, సూడు."

ఆ చివరి మాట అమ్మకు కారం రాసినట్టు తగిలింది. "రేపు చూడు పెద్దమ్మా" అంది.

"నిలబెట్టు. నీ ముగ్గు పొద్దుగూకే దాకా నిలిస్తే, నీ కూతురు నా ఇంట నిలిసినట్టే."

ఆవిడ నవ్వుతూనే అంది. అమ్మ నవ్వలేదు. బీయీడీలో నేను సంపాదించిన మార్కులన్నీ ఒక పక్క, బంగాళాఖాతపు గాలి ఒక పక్క.

ఆదివారం తెల్లారి అమ్మ గీతలు రెట్టింపు లావుగా వేసింది. గాలికి అడ్డంగా నన్ను చేట పట్టుకుని నిలబడమంది. నేను నిలబడ్డాను. గాలి నా చేట చుట్టూ మర్యాదగా తిరిగొచ్చి ముగ్గును ఊడ్చుకుపోయింది. అటు పోయే బెస్త ఆడవాళ్లు గంపలతో ఆగి, ముగ్గును వదిలేసి, చేట పట్టుకున్న నన్ను చూసి నవ్వారు. డబ్బాలో పిండి అడుగంటింది.

"ఒసేయ్, పిండి అయిపోయింది" అంది అమ్మ.

"పోనీ మానెయ్యమ్మా. ఆవిడ వేళాకోళానికే అని ఉంటది."

"మానెయ్యటమేంది? ఇంకో డబ్బా ఉందిగా."

ఆ మాట నేను విన్నాను. విని తలూపాను. సున్నపు బట్టీ ఇంట్లో పుట్టి పెరిగిన ఇద్దరం, ఇంకో డబ్బాలో ఏముందో ఒక్క క్షణం ఆలోచించలేదు. మా ఇంటి వంటగదిలో డాల్డా డబ్బా అంటే ముగ్గు డబ్బాయే. సున్నం ఎప్పుడూ పెరట్లో ఉంటుంది.

సోమవారం. నేను బడిలో చేరాల్సిన రోజు. ఇంకా వెలుగు రాకముందే అమ్మ లేచింది. తడి నేలైతే పిండిని పట్టి ఉంచుతుందని ఆ రోజు కల్లాపి ధారాళంగా, నేల బురద బురదయ్యేలా చల్లింది. రెండో డబ్బా పురికొస విప్పింది. పాలిథిన్ చూసి కూడా, "మీ నాన్నకు ముందుచూపు. సముద్రం చెమ్మకు భయపడి కట్టాడు" అని మెచ్చుకుంది. నాన్నను అమ్మ మెచ్చుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి. అందులోనూ తప్పు లెక్కే.

చుక్కలు పెట్టింది. గీతలు మొదలుపెట్టింది. సగం ముగ్గయ్యేసరికి నాకు ఒక వాసన తగిలింది. తెలిసిన వాసన. సాయంత్రం బట్టీ నుంచి వచ్చిన నాన్న చొక్కా వాసన. భీమిలిలో నాన్న చొక్కా ఎందుకుంటుందా అని చూస్తున్నానో లేదో, మొదటి గీత చుయ్‌మంది. తర్వాత రెండోది. పద్మం రేకు రేకు నుంచి సన్నగా ఆవిరి లేచింది. గీతలు పూరీల్లా పొంగాయి.

అమ్మ చెయ్యి ఒక్కసారి ఆగింది. తడి తగిలిన వేళ్లు చుర్రుమని ఉంటాయి. నా వంక చూసింది. ఆ చూపులో సంగతంతా అర్థమైంది. "అమ్మా, వద్దు" అన్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని మామ్మగారు గడప మీదకొచ్చింది.

అమ్మ మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టింది. పెదవి బిగించి, మిగిలిన రేకులన్నీ, చుట్టూ ఉన్న తీగతో సహా, ఒక్క గీత వంకర పోకుండా పూర్తి చేసింది. ఎప్పుడూ వేసేదానికన్నా కొంచెం తొందరగా వేసిందని నాకు మాత్రమే తెలుసు.

"ఏటిది? ముగ్గు ఉడుకుతోందేటి?" అంది మామ్మగారు.

ఆ మాటకు వాలుకుర్చీలో తాతగారు కళ్లు తెరిచాడు. ఆవిరి చూశాడు. "ఏటే, ఇడ్లీలా?" అని అడిగాడు.

అమ్మ లేచి నిలబడింది. చెయ్యి కొంగులో దాచుకుంది.

"మా వైపు ముగ్గు ఇంతే పెద్దమ్మా. ముందు ఉడుకుద్ది. తర్వాత నిలబడుద్ది."

పల్నాటి మనుషుల గురించి అంత పొట్టిగా అంత బాగా చెప్పిన మాట నేను ఈనాటి దాకా ఇంకోటి వినలేదు.

గదిలోకి తీసుకెళ్లి పొడిబట్టతో పిండి దులిపి, బిందెడు నీళ్లతో చెయ్యి కడిగి, కొబ్బరినూనె రాశాను. బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా కందాయి. "అమ్మా, తెలిసిన తర్వాతన్నా ఆపొచ్చుగా?" అన్నాను. "సగం ముగ్గు అశుభం కాదటే?" అంది. వేళ్లు ఊదుకుంటూ, "సగంలో లేచిపోతే ఆమె అన్న మాటే నిజమయిద్ది" అంది.

నేను బడికి పోయాను. ఆరో తరగతి పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు. నా మనసంతా ఆ వాకిట్లో ఉంది. కిటికీ బయట గాలి ఊపుకు కొబ్బరాకులు కొట్టుకుంటుంటే, ప్రతి విసురుకూ నా ఉద్యోగం ఒక అంగుళం కదిలినట్టు ఉండేది.

సాయంత్రం గంట కొట్టగానే పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను. వాకిట్లో నలుగురైదుగురు బెస్త ఆడవాళ్లు గంపలు దించి నిలబడ్డారు.

"మామ్మా, ఎవులేసినారిది? గాలికి ఎగిరిపోనేదేటి?"

"మా ఇంటికొచ్చినోళ్లు. తొక్కకండి, దాటి రండి" అంటోంది మామ్మగారు.

ముగ్గు ఉంది. ఇసుక దాని మీద నుంచి జారిపోతోంది గాని, అది మాత్రం ఉంది. పొంగి, ఎండి, నేలను కరిచి పట్టుకుని, సముద్రానికి ఎదురుగా తెల్లగా నవ్వుతోంది. మామ్మగారు కాలి బొటనవేలితో ఒక రేకు గీకి చూసింది. చీపురు తెచ్చి ఊడ్చి చూసింది. తర్వాత బొడ్లోంచి గది తాళంచెవి తీసి, నా చేతికి కాదు, అమ్మ కాలని చేతికి ఇచ్చింది. "గుంటని ఉంచీసి ఎల్లు" అంది.

కాలని చెయ్యి ఏదో ఆవిడకెలా తెలిసిందని నేనప్పుడు ఆలోచించలేదు.

మర్నాడు బస్సు దగ్గర అమ్మ, "పొద్దున్నే లేచి ముగ్గెయ్యాలే, మర్చిపోబాకు" అంది. "ఇంకేం వేస్తానమ్మా? నువ్వు ఒకేసారి నా వంతు కూడా వేసిపోతున్నావుగా" అన్నాను. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాకు ముగ్గు వేసే పని లేకపోయింది. మామ్మగారు కల్లాపి కూడా దాని చుట్టూ చల్లేది. అంత అదృష్టం పట్టిన బద్ధకస్తురాలు ఆ తీరంలో మరొకతె ఉండి ఉండదు.

టీచరుగారు బిడ్డతో తిరిగొచ్చింది. నా సెలవు ఉద్యోగానికి సెలవైంది. మూట కట్టుకుని వసారాలోకొస్తే, మామ్మగారు తన ఇంటి గోడ మీద అరచెయ్యి వేసి నిలబడింది.

"ఈ గోడ ఏటితో కట్టినారో తెలుసా? మా ఊళ్లో గవ్వలు కాల్చీవోరు. గవ్వ సున్నం. ఒలందావోళ్లు పోనారు, సున్నం ఉండిపోనాది. సున్నం ఉడికితే ఎలగుంటాదో నాకు తెలీదేటి?" అని నవ్వింది. "మీ అమ్మ మళ్లీ వొచ్చినప్పుడు ఆ రెండో పక్క గుమ్మం కాడ కూడా ఇలగే పొరపాటు సెయ్యమను."

ఇంటికొచ్చి నాన్నకు ఈ కబురంతా చెప్పాను. అప్పటిదాకా నాన్న, ఆ డబ్బాతో గదికి వెల్ల వేశామనే అనుకుంటున్నాడు. "చానా తెల్లగా వచ్చింది" అని అమ్మ చెప్పింది మరి. అబద్ధం కూడా కాదు.

నాన్న అంతా విన్నాడు. అమ్మ వేళ్ల వైపు చూశాడు. మచ్చ మానిపోయింది. ఎముకల్లో సున్నం లేకుండా తిడతాడేమోనని నేను అమ్మ పక్కకు జరిగాను. ఆయన చెప్పులు తొడుక్కుని బట్టీ వైపు పోయాడు. కాసేపటికి అక్కడి నుంచి ఆయన గొంతు మా ఇంటిదాకా వినపడింది.

"ఒరేయ్, విన్నారట్రా! మన సున్నం సముద్రం గాలికి కూడా లేవలేదంట!"

అమ్మ వాకిట్లో నిలబడి, కొంగు సర్దుకుని, పక్కింటి వాళ్లకు వినపడేలా నాతో అంది.

"సున్నం నిలబడిందా, నేను నిలబెట్టానా? అది కూడా చెప్పమను మీ నాన్నని."