మెహ్జబీన్ చదివిన పాఠాలు

మట్టెవాడలో మెహ్జబీన్ ఇంటి ముందుగదిలోంచి మధ్యాహ్నాలు పాఠం చదువుతున్న గొంతు వినిపిస్తుంది. గదిలో వినేవాళ్లెవరూ ఉండరు. చూపులేని విద్యార్థుల కోసం ఆమె పుస్తకాలు చదివి, పాత డెస్క్‌టాప్‌లో రికార్డు చేస్తుంది. పక్కవీధి యమున డిగ్రీలో చేరినప్పుడు ఆ ఒక్కపిల్ల కోసం మొదలుపెట్టింది. తర్వాత ఎక్కడెక్కడి పిల్లలో అడగడం మొదలైంది.

ఈ ఏడు యమున బీఈడీ కోసం మెహ్జబీన్ మనస్తత్వశాస్త్రం పుస్తకం మొత్తం చదివి రికార్డు చేసింది. చివరి పాఠం అయిందో లేదో కంప్యూటర్ మొండికేసింది. పాఠాలు పంపుదామని తెరిస్తే తెర బిగుసుకుపోతోంది. పాఠాలన్నీ దాచుకునే లోపలి ఎస్‌ఎస్‌డీ చిన్నది, నిండిపోయింది, పైగా చెడిపోతోందని హనుమకొండలో షాపతను చెప్పాడు.

"పాతదాన్ల ఉన్నదంతా కొత్తదాన్లకు కాపీ చెయ్యాలె అక్కా. మధ్యల అది మొత్తానికే పోయినా పోతది. నాకాడ పెడితే వారం పైనే పడ్తది," అన్నాడు.

పరీక్షలు అంత దూరం లేవు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొనుక్కుని ఇంటికొచ్చింది కానీ, దాన్ని బీరువాలో పెట్టి మళ్లీ తలుపు తీయలేదు. అన్నం తింటున్నా అదే ఆలోచన. తన చేత్తోనే ఆ పాఠాలన్నీ చెరిపేసినట్టు కల వచ్చింది. చివరికి యమునే ఇంటికొచ్చి కూర్చుంది.

"ఊకుంటే కూడ పోయేదే కదా ఆపా. చేసి చూద్దాం."

మెహ్జబీన్ ప్లగ్గు పీకి, కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పింది. దుమ్ము, వైర్ల చిక్కు. ఫోన్‌లో వీడియో చూసుకుంటూ, పాతదాని పక్కన కొత్తదాన్ని కలిపి, మళ్లీ ప్లగ్గు పెట్టి కాపీ మొదలుపెట్టింది. తెర మీద గీత మెల్లగా కదిలింది. సగం దాటాక ఫ్యాను ఆగిపోయింది. కరెంట్ పోయింది. ఇక కంప్యూటర్‌ను నిలబెట్టాల్సిన కింది ముసలి యూపీఎస్ కీచుమని కూయడం మొదలుపెట్టింది.

"అది ఎంతసేపు ఆగుతది?" అంది యమున.

"తెల్వదు బిడ్డా. ఎప్పుడూ ఎక్కువసేపు ఆగలే."

కూతలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. దువా చదువుదామంటే మెహ్జబీన్‌కు కంఠతా వచ్చిన మాటలే గుర్తు రాలేదు. యమున ఆమె చెయ్యి పట్టుకుంది. ఉన్నట్టుండి ఫ్యాను తిరిగింది. గీత పూర్తయ్యేదాకా మెహ్జబీన్ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

పాతదాన్ని తీసి, కొత్తదాన్ని దాని చోట బిగించి, స్విచ్ వేసింది. నల్లటి తెర. డిస్క్ ఏదీ కనబడలేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఏమైతాంది ఆపా? ఏం మాట్లాడ్తలేవు?"

"కనబడ్తలేదంటాంది. అంతా పోయిందేమో."

"వైరు సక్కగ పెట్టినవా? జర ఇంకోసారి చూడు."

ప్లగ్గు మళ్లీ పీకి వేళ్లతో తడిమింది. సన్నటి వైరు సగమే దిగి ఉంది. నొక్కింది. టక్కుమంది. ఈసారి స్విచ్ వేసి కళ్లు మూసుకుంది. కాసేపటికి కంప్యూటర్ తెరుచుకునే రాగం వినబడింది. ముందు యమున నవ్వింది.

పాఠాలన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం మధ్యలో తెగిపోయింది. పాత ఎస్‌ఎస్‌డీలోనే అది పాడైనట్టుంది. జ్ఞాపకశక్తి మీద పాఠం. మిగతావన్నీ అప్పటికప్పుడు యమున ఫోన్‌లోకి, అక్కడినుంచి ఆమె స్నేహితురాళ్లకు పంపేదాకా మెహ్జబీన్ లేవలేదు. ఆ తర్వాత పుస్తకంలో ఆ తెగిపోయిన పాఠం తీసింది.

"దీన్ని ఇప్పుడు రికార్డు చెయ్యను. నా గుండె ఇంకా దడదడమంటాంది. నువ్వు ఈడనే కూసోని విను," అంది.

గొంతు సవరించుకుని మొదటి పేరా చదివింది. రెండో పేరాకు గానీ మాట నిలకడగా రాలేదు.