ఆరున్నొకటో నంబరు బిల్లు

వన్ టౌన్‌లో దాన్ని అందరూ స్కానర్ అంటారు. "స్కానర్ ఎక్కడుందమ్మా?" అని అడిగి, గోడకు అంటించిన చుక్కల బొమ్మ ముందు ఫోను పెడతారు. స్కాన్ చేసేది చేతిలో ఉన్న ఫోను. గోడమీద ఉన్నది కోడు. కొట్లో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేదాన్ని. వాళ్లు తలూపి, డబ్బు పంపి, "మీ స్కానర్ బాగానే పని సేత్తందమ్మా" అని వెళ్లిపోయేవారు. చివరికి మా కోడలు, "అత్తా, ఊరందరికీ ట్యూషన్ సెప్తావేటి? బేరాలు పోతాయి" అంది. అప్పటినుంచి పైకి చెప్పడం మానేశాను. మనసులో మాత్రం మానలేదు.

మాది చీపుళ్లు, ఫినాయిలు, తుడుపు గుడ్డలు, చేతి తొడుగులు టోకున అమ్మే కొట్టు. మా వారు పోర్టు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పెట్టారు. మేము గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లం, కోడలు భీమిలి పిల్ల. మా అబ్బాయికి పోర్టు షిఫ్టులతోనే సరిపోవడం వల్ల ఆయన కొట్టు పనంతా కోడలికే నేర్పారు. లెక్కలు మాత్రం నావి. ఏ సరుకు ఏ తేదీన, ఏ ధరకు వచ్చిందో నాకు తెలియకుండా ఆ కొట్లో చీపురుపుల్ల కూడా కదలదు.

ఆయన పోయాక బేరాలు పలచబడ్డాయి. కొట్టును ఫోన్ కవర్లు అమ్మేవాళ్లకు అద్దెకిచ్చేద్దామన్నాడు అబ్బాయి.

"నెల తిరిగేసరికి అద్దె ఇంటికొచ్చి పడుతుంది. మీ ఇద్దరికీ ఈ తిప్పలెందుకమ్మా?"

నేను జవాబు చెప్పేలోగా కోడలు అందుకుంది. "అద్దె వత్తాది సరే. మరి నానేటి సెయ్యాల? ఇంట్లో కూకొని అద్దె లెక్కెట్టాలా? మావయ్య నాకు పని నేర్పింది కవర్లోలికి తాళాలివ్వడానికేటి?"

వాడు నావైపు చూశాడు. నేను చీపుళ్ల కట్టలవైపు చూశాను. వేసవి దాటేదాకా ఆగుదాం అన్నాడు.

ఆ వేసవిలోనే పరవాడ బేరం వచ్చింది. అక్కడి మందుల ఫ్యాక్టరీల్లో క్యాంటీన్లు నడిపే ఒక కాంట్రాక్టరు మా సరుకు నెల రోజులు వాడి చూస్తానన్నాడు. ఒక్కటే షరతు. ప్రతి బిల్లు మీదా ఆ బిల్లుకు మాత్రమే చెందిన కోడు ఉండాలి. దాని ముందు ఫోను పెట్టగానే కట్టవలసిన మొత్తం, బిల్లు నంబరు వాటంతట అవే రావాలి. చేత్తో కొడితే తన గుమస్తా తప్పులు కొడుతున్నాడట. "నెలాఖరుకి లెక్క కలిసిందనుకో, ఏడాది ఆర్డరు మీకే. కలవనేదనుకో, దువ్వాడలో ఇంకో కొట్టుంది" అన్నాడు.

గోడమీది కోడు దీనికి పనికిరాదు. డబ్బు వస్తుంది గాని ఏ బిల్లు తాలూకు డబ్బో అది చెప్పదు. కోడలు రెండు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని బిల్లు కోడు చేయడం నేర్చుకుంది. కొట్టు పేరు, డబ్బు జమ కావలసిన చిరునామా, మొత్తం, బిల్లు నంబరు నాలుగు గళ్లలో నింపి నొక్కితే చుక్కల చదరం తయారవుతుంది. అందంగా ఉంటుందని దాని చుట్టూ నేను దగ్గరగా గీత గీయించాను. ఫోను చదవనంది. చుట్టూ తెల్లజాగా వదలాలట. ఇంకోసారి కాగితం మడత సరిగ్గా కోడు మధ్యనుంచి పోయింది. అప్పటినుంచి కుడివైపు కింది మూల దాని స్థానమని ఖాయం చేశాను.

కంటికి కనిపించని అంకెను నేను నమ్మను. అందుకని ప్రతి బిల్లునూ ముందు చేత్తో కూడి, తర్వాత నా ఫోనుతో కోడును చదివించి, పైసలతో సహా సరిపోయాకే బయటికి పంపేదాన్ని. మొదటిరోజు ఫోనులో వెనక్కి రావడం తెలియక మా చీపుళ్ల డబ్బు మాకే కట్టబోయాను. కోడలు ఫోను లాక్కుని, "కొట్టులో మొదటి బేరం నీదే అత్తా!" అని పడి పడి నవ్వింది.

ఇక్కడ ఏడు సంగతి చెప్పాలి. సరుకు లెక్కపెట్టేటప్పుడు మా వారు ఏడు అనేవారు కాదు. కొట్లో నిలబడి 'ఏడు, ఏడు' అంటే ఏడవమన్నట్టుంటుందని ఆరు తర్వాత "ఆరున్నొకటి" అని, ఎనిమిదికి వెళ్లేవారు. ధాన్యం కొలిచిన ఇంటి అలవాటు. బిల్లు పుస్తకంలో కూడా 6+1, 16+1 అని వేసేవారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. ఏడు అంకె, ఏడుపు వేరే. అంకెను సగంలో కూడిక చేసి వదిలేయడమేమిటి? ఆయన పోయాకైనా మానుదామంటే కోడలు ఒప్పుకోలేదు. "కొట్టు తెరిసినంతకాలం మావయ్య మాటే" అని కంప్యూటరులో కూడా అలాగే కొట్టేది.

నెలాఖరున కాంట్రాక్టరు ఫోను చేశాడు. కోడలు స్పీకరు పెట్టింది.

"ఏటమ్మా ఈ యవ్వారం? పదారూ ప్లస్ ఒకటి అని రాసిన బిల్లుకి డబ్బు కట్టనేదని సూపిత్తంది. నూట అరవై ఒకటో బిల్లుకి కట్టీసినట్టుంది. అసలు మీ బిల్లులు ఇరవై ఆరు దాటనేదు కదా! దొంగ బిల్లులేటోనని మావోడు అంటన్నాడు."

"దొంగ బిల్లులేటి బాబూ! నాలుగు సీపుళ్లకి దొంగ బిల్లులా?"

"నాకు తెలీదమ్మా. సాయంత్రంలోగా సెప్పు. నేకపోతే రేపు దువ్వాడోడితో మాటాడీసుకుంటాను."

కోడలు ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఆమె ముఖంలో నాకు కొట్టు తాళాలు కనిపించాయి. "మొత్తాలన్నీ సరిపోయాయి, నేనే చూశాను" అన్నాను. నిజమే. మొత్తం చూశాను, కొట్టు పేరు చూశాను. ఫోనులో వాటి కింద చిన్న అక్షరాల్లో వచ్చే వరసను మాత్రం చూడలేదు.

పాత బిల్లుల నకళ్లు తీసి బల్లమీద పరిచాం. ఒక్కొక్కదాని మీద ఆమె ఫోను పెట్టి పైకి చదువుతుంటే నేను కాగితం మీది నంబరు చూస్తున్నాను. నాలుగు సరే. అయిదు సరే. ఆరు సరే. తర్వాతిది చదవబోయి ఆగిపోయింది.

"అత్తా, కాయితం మీద ఏటుంది?"

"ఆరు ప్లస్ ఒకటి."

"ఇక్కడ ఆరుంది, ఒకటుంది. ప్లస్ ఏదీ?"

భూతద్దం పెట్టి చూశాను. ఆరుకీ ఒకటికీ మధ్య ఖాళీ తప్ప ఏమీ లేదు. 16+1 కూడా అంతే. కోడు తయారయ్యేటప్పుడు ఆ కూడిక గుర్తు ఖాళీజాగా అయిపోతోంది. అక్కడి ఆఫీసులో ఆ ఖాళీ కూడా మూసుకుపోయి, ఆరున్నొకటి కాస్తా అరవై ఒకటి అవుతోంది, పదహారున్నొకటి నూట అరవై ఒకటి.

"అయితే ఏడని కొట్టీయాలేటి?" అంది కోడలు. "మావయ్య రాసినట్టు ఇంకెక్కడా ఉండదు కదత్తా."

ఇన్నాళ్లూ నేను కోరింది అదే. అయినా ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. ఆయన రాతను తలుచుకుంటూ కూర్చున్నాను. ఆయన బ్యాంకు చలానాలో ఏడును ఏడుగానే వేసేవారు. మరి బిల్లులో ఎందుకలా? బిల్లు ఇచ్చేముందు దాన్ని బేరగాడికి పైకి చదివి వినిపించేవారు, అందుకు. భయమంతా నోటితో, కాగితంతో కాదు. కోడలికి అదే చెప్పాను. "రాయడం ఏడు రాయి. అనడం నీ మావయ్య అన్నట్టే అను."

ఆమె మెల్లగా నవ్వింది. "అవును కదా. సుక్కలకి నోరెక్కడిది అత్తా, ఏడుపు పలకడానికి?"

సాయంత్రం కాకముందే కాంట్రాక్టరుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. స్పీకరులో ఆయన నవ్వు కొట్టంతా వినిపించింది. "ఓలమ్మా! మాయమ్మ కుంచంతో ఒడ్లు కొలిసినప్పుడు అచ్చం ఇలాగే అనీది. ఆరున్నొకటి! మావోడికి అదేటి తెలుస్తాది, సెప్తాను." రెండు బిల్లులనూ తన ఆఫీసులో సరిచేయించాడు. లెక్క కలిసింది. మర్నాడు ఏడాది ఆర్డరు కాగితం వచ్చింది. మొదటి సరుకుకి రెండు వందల చీపుళ్లు.

ఆ సరుకు బిల్లే ఇరవై ఏడోది. కోడలు కంప్యూటరులో రెండు, ఏడు నొక్కుతూ పెదవులతో "ఇరవయ్యారున్నొకటి" అనుకుంది. నేను మొత్తం కూడాను, ఫోను పెట్టాను, ఈసారి చిన్న అక్షరాల వరసను కూడా చదివాను. ఇరవై ఏడు.

షిఫ్టు దిగి వచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి, ఆటోలోకి ఎక్కుతున్న కట్టలను చూశాడు. "మరి కవర్లవాడికి ఏం చెప్పను?" అన్నాడు.

"సీపుళ్లు గావాలంటే రమ్మను. సిల్లర గొడవ నేదు, మన కాడ స్కానర్ ఉందని సెప్పు" అంది కోడలు.

"కోడు" అన్నాను నేను.