తాళి తీయకుండా గుండె చూడాలట!

రంగనాయకమ్మది పెనుకొండ. పెళ్లయి ధర్మవరం వచ్చిన నాటినుంచీ మొగుడు బాలప్ప మగ్గంలో కూర్చోవడం, ఆమె రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుట్టివ్వడం. ఊరంతా బాలప్ప చీర అనేది. ఆమె చుట్టిన కండెలు లేకపోతే గాలితో నేసేవాడా ఏం?

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆమెకు గుండెల్లో నొప్పి మొదలైంది. ఎడమ చెయ్యంతా లాగేది. "దారం పట్టే చెయ్యి, నొయ్యదా?" అని అత్త కుళ్ళాయమ్మ వాము నీళ్లిచ్చి ఊరుకుంది. ఒకరోజు ఒళ్లంతా చెమటలు పట్టి రాట్నం మీదికే ఒరిగిపోతే, అప్పుడు గానీ రైలెక్కించి హిందూపురం తీసుకుపోలేదు. అక్కడొక డాక్టరు దగ్గర గుండె పటం తీసే మిషను కొత్తగా వచ్చింది.

"మెడలోవన్నీ తీసి పడుకోమ్మా" అంది నర్సు. అంతే, కుళ్ళాయమ్మ లేచింది.

"ఏమమ్మా, నా కొడుకు బతికుండంగానే తాళి తీయమంటాండావా? వాని ఆయుస్సు నువ్విస్తావా?"

బాలప్ప తల వంచుకున్నాడు. నోట్లో నాలుక లేని మహానుభావుడు! డాక్టరు బయటికొచ్చేలోగా ముగ్గురూ స్టేషను దారి పట్టారు. రంగనాయకమ్మకు కడుపు మండిపోయింది. తన గుండె కన్నా దానిమీది పుస్తెలు ఎక్కువైపోయాయా!

నెల తిరిగింది. ఒక పొద్దున అలసంద వడలు మెక్కిన బాలప్పకు రొమ్ములో పట్టేసింది. అబ్బబ్బ, ఏం గోల! కుళ్ళాయమ్మ కోడల్ని వెంటేసుకుని, ఆగమేఘాల మీద కొడుకును అదే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. చొక్కా తీయమంటే తీశాడు. మెడలో తాయెత్తు తీయమంటే కుళ్ళాయమ్మే తెంపి ఇచ్చింది. దానికి ఏ ఆయుస్సూ అడ్డం రాలేదు.

డాక్టరు పటం చూసి నవ్వాడు. "గుండె భేషుగ్గా ఉంది. వడలు తగ్గించు."

కుళ్ళాయమ్మ ఇంకా దేవుళ్లకు దండాలు పెడుతూనే ఉంది. రంగనాయకమ్మ తాళి తలమీదుగా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ఏమే, ఏం పాడుపని?"

"నీ కొడుక్కి ఏం గాదని డాక్టరే చెప్పినాడు కదత్తా! ఇంగ నాది చూడనీ" అని మంచమెక్కి పడుకుంది.

ఈసారి డాక్టరు నవ్వలేదు. బాలప్ప మీద విరుచుకుపడ్డాడు. "ఈమె గుండెకు దెబ్బ తగిలి చాన్నాళ్లయిందయ్యా! నొప్పి రాగానే ఎందుకు తీసుకురాలేదు?"

మంచం మీదినుంచి ఆమే జవాబు చెప్పింది.

"తెచ్చినారు సామీ. ఈ మంచం దాకా తెచ్చి, మళ్లీ తోలుకపోయినారు."