లెక్కలో లేని రాజారావు గారు

మా ఎదురింటి రాజారావు గారికి పేపరు చదివితే కోపం, చదవకపోతే తోచదు. పాలకొల్లు దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం ఇటొచ్చి, శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ రోజు నగరానికీ రాష్ట్రానికీ సర్కారు వేసిన జనాభా అంచనా చదివి కుర్చీలోంచి లేచారు.

"ఇంతేనా జనం? పాత లెక్కకి ఏడాదికింతని కలిపేస్తే సరిపోతుందా? ఆ లెక్క తీసినప్పుడిక్కడ ద్రాక్షతోటలండీ. ఇప్పుడు మేడ్చల్ దాకా మేడలే. వాటిలో ఉన్నది మనుషులా, ద్రాక్షగుత్తులా?"

ఆయన కోపం ఉత్తది కాదు. భార్య కామేశ్వరమ్మ గారికి ఆయాసం. జనం చాలరని మా కాలనీకి సర్కారు దవాఖానా ఇవ్వలేదు. ఆవిడ రొప్పుతూ ఆటోలో మేడ్చల్ పోయి రావాలి. నాకూ ఒళ్ళు మండింది. గదిలో కూర్చుని గుణించేవాళ్ళకు పొద్దున మా సందులో స్కూలు బస్సుల వరస కనబడదు.

ఆయనా నేనూ జనాభా లెక్కల ఆఫీసుకు వెళ్ళాం. మా కాలనీ ఉన్నచోట ఒకప్పుడు ద్రాక్షతోట వేసిన బాలరాజు కూడా వచ్చాడు. రాజారావు గారు గొంతు చించుకుంటే, అక్కడి ఉద్యోగి తలెత్తకుండానే అన్నాడు.

"మొన్నటి ఇంటింటి సర్వేల గూడ మీ కాలనీల మంది తక్కువనే వచ్చిండ్రు సార్."

"ఎవరు చేశారయ్యా ఆ సర్వే?"

బాలరాజు నెమ్మదిగా అందుకున్నాడు. "ఆ టీచరమ్మను మీ గేటు కాడికి నేనే తోల్కొచ్చిన సార్. మా పేర్లు మా సొంతూళ్ళెనే ఉన్నయని మీరే వాపస్ పంపిస్తిరి. మీ లైన్ల అందరు గట్లనే అన్నరు. ఇగ మా అవ్వ గూడ మేడ్చల్ దాంక ఆటోలనే పోతాంది."

రాజారావు గారు చేతిలోని పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. సొంతూరి ఓటరు జాబితాలో పేరుంటేనే తను ఉన్నట్టని ఆయన పట్టుదల. అయినా సర్కారు మీద నా కోపం చల్లారలేదు. గేటు దగ్గర ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ మాయమయ్యేదీ ఒక లెక్కేనా?

ఇంటికి రాగానే కామేశ్వరమ్మ గారు అడిగారు.

"ఏమన్నారండీ?"

"మనం ఇక్కడ లేమట."

"మరి ఈ ఆయాసం ఎవరిదండీ?"

ఆవిడ ఫోను అందుకుని ఊళ్ళో ఉన్న మరిదికి చేశారు. "అక్కడ మా పేర్లు తీయించెయ్యి నాయనా. మేం శామీర్‌పేట వాళ్ళం."

పేర్లు తీయించడానికి ఇన్నేళ్ళూ ససేమిరా అన్న రాజారావు గారు ఆవిణ్ణి ఆపలేదు.