జోగారావు తాగని నీళ్లు

జోగారావు నాలుగుసార్లు ఎమ్మెల్యే అయ్యాడంటే పార్టీ వల్ల అంటారు కొందరు, డబ్బు వల్ల అంటారు ఇంకొందరు. ఆయన భార్య మహాలక్ష్మమ్మను అడిగితే మాత్రం నీళ్ల వల్ల అంటుంది.

ఉద్దానంలో ఏ గడప తొక్కినా ఆయన ముందు మంచినీళ్లు అడిగేవాడు. తాగి, చెంబు తిరిగిచ్చాక, "ఇప్పుడు తిట్టండి" అని అరుగు మీద కూర్చునేవాడు. రోడ్డు లేదనీ, పింఛను రాలేదనీ నిజంగానే తిట్టేవారు. మన ఇంట నీళ్లు తాగినవాడు పరాయివాడెలా అవుతాడు? ఓట్లూ వాళ్లే వేసేవారు.

ఆ ఊళ్లలోనే కిడ్నీల జబ్బు ముదిరింది. నీళ్లే కారణమని కొందరు, కాదని కొందరు, ఏదీ తేలలేదు. 2003లో ఆయన తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. పదకొండోనాడు మహాలక్ష్మమ్మ మొగుడి చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

"బయట నీల్లు ముట్టనని నా మీద ఒట్టెయ్యండి."

"ఎలచ్చన్లొత్తన్నాయి కదే! ఇంటింటికీ సీసా మోసుకెల్లమంటావేటి?"

"మొయ్యండి."

మర్నాటి నుంచి టెక్కలిలో తమ ఇంటి నీళ్లు సీసాల్లో పట్టి జీపులో పెట్టడం ఆమె పని.

బారువ దారిలో తవిటమ్మ ఇల్లు. జీడితోటల్లో కూలి చేసుకునే మనిషి. నాలుగు ఎన్నికల్లోనూ కంచు చెంబుతో ఆయనకు ఎదురొచ్చింది. అయిదోసారి ప్రచారానికి వెళ్లిన ఆ వేసవి మధ్యాహ్నమూ వచ్చింది. మహాలక్ష్మమ్మ జీపులోనే ఉంది. ఆయన చెంబు అందుకుని, కళ్లకద్దుకుని, ఒకసారి జీపు వైపు చూసి, తిరిగిచ్చేశాడు.

"దాహం లేదప్పా."

పెదవులేమో ఎండిపోయి ఉన్నాయి. డ్రైవరు పైడిరాజు, పాపం సాయం చేస్తున్నాననుకుని, సీసా మూత తీసి చేతికిచ్చాడు.

"ఓలమ్మో!" అంది తవిటమ్మ వీధంతా వినేలా. "మా నీల్లు సేదెక్కిపోనాయేటి బావూ? మేం తాగితే బతుకుతాం, నువ్వు తాగితే సచ్చిపోతావేటి? అయితే ఓట్లు కూడా ఇంటికాడే సీసాలో పట్టుకుని రా!"

జనం గొల్లున నవ్వారు. ఇంటిది వేయించిన ఒట్టని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన అనలేదు.

ఓడిపోయాడు. ఇంట్లోనూ ఆ మాట ఎత్తలేదు. మాజీ అయ్యాక కూడా ఆ ఊరికి నీళ్ల ట్యాంకు కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే, 2007లో గుండెపోటుతో పోయాడు. పాడె వెంట ఆ వీధి నుంచి ఒక్కరూ రాలేదు. మహాలక్ష్మమ్మకు అన్నం సహించనిది అందుకే. మనిషి పోయాడు, తను తెచ్చిపెట్టిన నింద ఆయన పేరు మీద ఉండిపోయింది.

ఏడాది తిరిగాక ఆటో ఎక్కి వెళ్లింది.

"తవిటమ్మా, ఆ ఒట్టు నాది. ఆయన తప్పేం లేదు."

తవిటమ్మ అంది: "ఒక్క ముక్క సెప్పకపోనాడా!"

"నన్ను పదిమందిలో సిన్నబుచ్చడు. కాసిని నీల్లియ్యవూ?"

తవిటమ్మ కంచు చెంబు పట్టుకుని కుండ దాకా వెళ్లింది. ముంచబోయి ఆగింది. పెరట్లోకి పోయి, కొబ్బరిబొండం కొట్టి చెంబులో వంచి తెచ్చింది.

"మా పెద్దోడు పోయి ఆర్నెల్లయింది. అదే జబ్బు. నువ్వు ఒట్టేయించుకున్నావు తల్లీ. నాను ఏయించుకోనేకపోనాను."

మహాలక్ష్మమ్మ చెంబు కళ్లకద్దుకుంది. సగం తాగి, మిగిలిన సగం ఆమె చేతికిచ్చింది.